నీలం పెన్ను లైటు చూపించని సంగతి

పోయిన ఎండాకాలం మా మేనకోడలిని నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరున్న ఒక కళ్ళద్దాల షాపుకు తీసుకుపోయాను. ఇంటర్ రెండో సంవత్సరం, ఈఏపీసెట్ కోచింగు, సగం క్లాసులు ఫోన్‌లోనే. బోర్డు మీద అక్షరాలు మసకగా ఉంటున్నాయంటే చూపించాం. సైటు వచ్చిందన్నారు.

ఫ్రేము ఎంచుకున్నాక షాపు అతను సొరుగులోంచి ఒక తెల్ల కార్డు, ఒక పెన్ను లైటు తీశాడు. మామూలు అద్దం అడ్డం పెట్టి లైటు వేశాడు. కార్డు మీద ఊదా కలిసిన నీలం చుక్క పడింది. ఇంకో అద్దం పెట్టాడు. చుక్క మాయం.

"చూసినవా అమ్మా, ఇది బ్లూ కట్. ఇది పెట్టుకోకపోతే ఫోన్ల లైటు కండ్లల్ల నరాలను కాల్చేస్తది."

పిల్ల నా వైపు తిరిగింది. "మామయ్యా, ఇదే తీసుకుందాం." ఆ ముఖంలో భయం చూశాక ఇంకేం ఆలోచించలేదు, ఎక్కువ డబ్బు పెట్టి అవే కొన్నాను. నేను ఇరవై ఏళ్ళుగా పిల్లలకు కాంతి పాఠం చెబుతున్నవాణ్ని. ఆ పెన్నులోంచి వచ్చేది ఏ కాంతి అని అడగాల్సింది. ఇంటికొచ్చాక అదే మనసులో మెదిలింది. అప్పటినుంచి ఈ విషయం వదలకుండా చదువుతున్నాను. తెలుసుకున్నది చెబితే మీలో కొందరి టెన్షన్ తగ్గుతుంది. ఇంకొందరికి, ముఖ్యంగా వెల్డింగ్ పని చేసే పిల్లలున్న ఇళ్ళకు, కొత్తగా జాగ్రత్త అవసరమవుతుంది.

ముందు పెన్ను సంగతి. కాంతి రంగును తరంగదైర్ఘ్యంతో కొలుస్తారు, లెక్క నానోమీటర్లలో. ఊదా దగ్గర సుమారు 400, ఎరుపు దగ్గర 700. సంఖ్య ఎంత తగ్గితే ఒక్కో కాంతి కణంలో శక్తి అంత ఎక్కువ. షాపుల్లో వాడే ఆ పెన్నులు మామూలుగా 405 నానోమీటర్ల దగ్గరి లేజర్లు, అంటే ఊదా అంచు. మన ఫోను, టీవీ, ఇంట్లో ఎల్‌ఈడీ బల్బు వెలువరించే నీలం 450 చుట్టూ ఉంటుంది. తెల్ల ఎల్‌ఈడీలో నిజానికి ఉండేది నీలం వెలుగునిచ్చే చిన్న చిప్పు. దాని మీద పసుపు పచ్చని ఫాస్ఫర్ పూత పూస్తారు. పూతలోంచి వచ్చే పసుపు, దాటివచ్చే నీలం కలిసి మన కంటికి తెలుపుగా కనిపిస్తాయి. ఆ నీలం ఎల్‌ఈడీని సాధించినందుకే ముగ్గురు జపాన్ పుట్టుక శాస్త్రవేత్తలు అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది.

బ్లూ కట్ అద్దం 405ను బాగా ఆపుతుంది, అందుకే చుక్క మాయమైంది. 450 దగ్గరికొచ్చేసరికి చాలావరకు వదిలేస్తుంది. మొత్తం మీద ఇలాంటి అద్దాలు ఆపే నీలం కాంతి సుమారు 10 నుంచి 25 శాతం. కార్డు మీద చూపించింది అబద్ధం కాదు గానీ, అది ఫోను నుంచి వచ్చే కాంతి గురించి కాదు.

అయితే నీలం కాంతికి రెటీనాను దెబ్బతీసే గుణమే లేదా అంటే, ఉంది. ఎంత కాంతి, ఎంతసేపు, ఏ కణం మీద అన్న మూడు ప్రశ్నలూ కలిపి అడిగితేనే జవాబు అర్థమవుతుంది. అందుకు కంటి లోపలికి పోవాలి.

బడిలో నేత్రపటలం అని చదువుకున్నామే, అదే రెటీనా. కంటి వెనక గోడకు అంటుకున్న పొర, మందం పావు మిల్లీమీటరు. అందులో వెలుతురును పట్టే కణాలు రెండు రకాలు: మసక చీకట్లో చూడటానికి దండాలు, సుమారు 12 కోట్లు. పగటి వెలుగులో రంగులకూ సన్నని అక్షరాలకూ శంకువులు, సుమారు 60 లక్షలు. దండం చివర నాణేలు దొంతరగా పేర్చినట్టు వందల పలుచని బిళ్ళలుంటాయి. కాంతిని పట్టే పదార్థం ఆ బిళ్ళల్లోనే ఉంటుంది. ఆ బిళ్ళల పొరలు చాలా సులువుగా ఆక్సిజన్‌తో కలిసిపోయే కొవ్వుతో తయారైనవి. పల్లినూనె మూత తీసి ఎండలో పెడితే కొన్నాళ్ళకు ముక్కవాసన వస్తుంది కదా, కొవ్వుకు వెలుతురూ గాలీ కలిసి చేసే పని అదే. రెటీనాలో కొవ్వుంది, రోజంతా వెలుతురుంది, వెనకనున్న రక్తనాళాల నుంచి ఆక్సిజన్ ధారాళంగా అందుతుంది. పాడవడానికి కావలసిన సరంజామా అంతా ఒక్కచోటే ఉంది. ఇన్నేళ్ళు అది పాడవకుండా ఎలా ఉంటోందన్నదే నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచిన ప్రశ్న.

దానికి జవాబు, రోజూ జరిగే ఊడ్పు. తెల్లారి వెలుతురు పడగానే దండాలు తమ చివరి బిళ్ళల్ని రాల్చేస్తాయి, సుమారు పదోవంతు. కింది నుంచి కొత్తవి పుడుతుంటాయి. అలా పది రోజుల్లో మొత్తం దొంతర కొత్తదవుతుంది. రాలిన బిళ్ళల్ని వెనకనున్న నల్లటి పిగ్మెంట్ పొర కణాలు మింగి అరిగిస్తాయి. డాక్టర్లు ఈ పొరను ఆర్‌పీఈ అంటారు. ఆడవాళ్ళు పొద్దున్నే వాకిలి ఊడ్చినట్టు ఈ కణాలు ఒక్కరోజు కూడా మానకుండా ఈ పని చేస్తాయి. ఒక్కో కణం పదుల సంఖ్యలో దండాలను, శంకువులను చూసుకోవాలి. అదనపు కణాలంటూ లేవు. పెద్దయ్యాక ఈ కణాలు మామూలుగా మళ్ళీ విభజన చెందవు. ఒక కణం చనిపోతే దాని మీద ఆధారపడ్డ దండాలు, శంకువులు కూడా క్రమంగా పోతాయి.

ఏ ఊడ్పులోనూ మొత్తం చెత్త పోదు. అరగని కొంత మిగిలి, కట్టెల పొయ్యి మీది గిన్నెకు మసి పట్టినట్టు ఏళ్ళ తరబడి ఆర్‌పీఈ కణాల్లో పేరుకుంటుంది. దీని పేరు లిపోఫసిన్. అందులో ఏ2ఈ అనే పదార్థం ఒకటుంటుంది. విటమిన్ ఏ నుంచి తయారై, కాంతిని పట్టే పనిలో వాడుకున్న రెటినాల్ అణువులు రెండు తప్పుగా అతుక్కుంటే ఇది పుడుతుంది. నీలం కాంతితో చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఏ2ఈ ఎక్కువగా పీల్చుకునేది 430, 440 నానోమీటర్ల చుట్టూ ఉన్న నీలాన్నే. పీల్చుకున్న శక్తిని పక్కనున్న ఆక్సిజన్‌కు ఇచ్చి దాన్ని రెచ్చగొడుతుంది. ఆ ఆక్సిజన్ పొరల్ని, ప్రొటీన్లను, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాను కొరుకుతుంది. దెబ్బ మితిమీరితే కణం తనను తాను చంపుకుంటుంది.

ఇది వేడి వల్ల కాలడం లాంటిది కాదు. భూతద్దంతో ఎండను కాగితం మీద పడేస్తే కాలుతుంది, అది వేడి. పోచంపల్లి చీరను ఉతికి ఎండలో ఆరేయొద్దంటారు, రంగు వెలిసిపోతుందని. చీర కాలదు, దాని రంగులో రసాయన మార్పు జరుగుతుంది. కంట్లో నీలం చేసేది ఆ రెండో రకం పని. అందుకే నొప్పి ఉండదు. రెటీనాకు నొప్పి తెలిసే నరాలే లేవు.

ఈ సంగతి బయటపడింది రెండు దారుల్లో. 1966లో అమెరికాలో వెర్నర్ నోయెల్, ఆయనతో పనిచేసినవాళ్ళు ఎలుకలను ఫ్లోరసెంట్ వెలుతురులో గంటల తరబడి, ఆపకుండా ఉంచితే వాటి దండాలు తిరిగి రాకుండా చెడిపోయాయని చూపించారు. వేడి పుట్టించడానికి చాలని, కళ్ళు జిగేలుమనని వెలుతురు అది. కానీ ఎలుక రాత్రి తిరిగే జీవి, ఆ ఎలుకల్లో కొన్ని కంట్లో నల్లరంగు లేని తెల్ల ఎలుకలు, పైగా వాటికి చీకటి విరామం ఇవ్వలేదు. పదేళ్ళకు, 1976లో విలియం హామ్ బృందం కోతుల కళ్ళలోకి వేరువేరు రంగుల లేజర్ కాంతిని పంపింది. తరంగదైర్ఘ్యం తగ్గేకొద్దీ దెబ్బకు కావలసిన కాంతి విపరీతంగా తగ్గింది. 441 నానోమీటర్ల నీలం దగ్గర, వేడి పుట్టడానికి ఏమాత్రం చాలని కాంతితోనే మచ్చ పడింది. అదీ వెంటనే కాదు, సుమారు రెండు రోజులకు, ఆర్‌పీఈ పొరలో. ఇప్పుడు లైట్లకూ లేజర్లకూ పెట్టే భద్రతా పరిమితుల్లో నీలం కాంతి ముప్పు అన్న ప్రత్యేక లెక్క ఇక్కడి నుంచే వచ్చింది. దాని శిఖరం 435 నుంచి 440 దగ్గర ఉంటుంది.

ఫోను వల్ల చూపు పోతుందన్న భయానికి ఆజ్యం పోసింది 2018 నాటి ఒక పరిశోధన. అమెరికాలోని టొలీడో యూనివర్సిటీ వాళ్ళు గాజు పాత్రలో పెంచిన కణాలకు రెటినాల్ కలిపి, నీలం కాంతి వేస్తే అవి చచ్చిపోయాయి. వార్తల్లో మాత్రం ఫోను తెర గుడ్డివాళ్ళను చేస్తోందని వచ్చింది. ఆ కణాలు ముఖ్యంగా హీలా కణాలు, అంటే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నుంచి తీసి ల్యాబుల్లో దశాబ్దాలుగా పెంచుతున్నవి. బతికున్న కంట్లో రెటినాల్‌ను పట్టి ఉంచే ప్రొటీన్లుంటాయి, ఊడ్చే ఆర్‌పీఈ ఉంటుంది, నీలాన్ని పీల్చుకునే పసుపు వడపోత ఉంటుంది. గాజు పాత్రలో ఇవేవీ లేవు. అమెరికా కంటి డాక్టర్ల సంఘం కూడా అప్పుడే బయటికొచ్చి, ఫోను నీలం కాంతి మిమ్మల్ని గుడ్డివాళ్ళను చేయడం లేదని చెప్పింది. పరిశోధనను తప్పుపట్టాల్సిన పనిలేదు. అది ఒక రసాయన చర్య ఎలా జరుగుతుందో చూపింది, అంతే.

ఇక ఎంత కాంతి అన్న ప్రశ్న. నా దృష్టిలో ఈ మొత్తం గొడవ ఇక్కడే తేలిపోతుంది. మే నెలలో మధ్యాహ్నం దేవరకొండ బస్టాండు బయట నిలబడితే మన మీద పడే వెలుతురు సుమారు లక్ష లక్స్ (లక్స్ అంటే పడే వెలుతురుకు కొలత). చెట్టు నీడకు పోతే పది వేల దాకా. ఇంట్లో ట్యూబ్‌లైటు కింద కొన్ని వందలు. చీకటి గదిలో ఫోను పట్టుకుంటే ముఖం మీద పడేది పదుల్లో. మామూలు నీలాకాశాన్ని చూసినా ఫోను తెర కంటే ఎన్నో రెట్లు ప్రకాశవంతమైనదాన్ని చూస్తున్నట్టే. మిర్యాలగూడ పొలాల్లో నాట్లేసే ఆడవాళ్ళ కళ్ళకు ఒక్క పూటలో అందే నీలం, మా మేనకోడలు ఫోనులో రోజుల తరబడి చదివినా అందదు.

మరి ఎండలో పనిచేసేవాళ్ళందరికీ చూపు ఎందుకు పోవడం లేదు? సూర్యుడు నెత్తిన ఉన్నప్పుడు కనుబొమ్మ, రెప్ప నీడనిస్తాయి, కంటిపాప చిన్నదవుతుంది, మనం చూసేది నేల వైపు. అయినా ఎక్కువ మోతాదు ఏళ్ళ తరబడి పడితే ప్రభావం ఉండొచ్చన్న సూచన ఉంది. అమెరికాలో చెసపీక్ అఖాతం మీద చేపలూ పీతలూ పట్టేవాళ్ళు 838 మందిని పరిశీలించి 1992లో ప్రచురించారు. వాళ్ళలో మాక్యులా, అంటే సూటి చూపునిచ్చే రెటీనా నడిభాగం, బాగా చెడిపోయినవాళ్ళు అంతకుముందు 20 ఏళ్ళలో నీలం కాంతికి ఎక్కువగా గురైనవాళ్ళని తేలింది. నీళ్ళ మీద ఎండ కింది నుంచి కూడా కంట్లో కొడుతుంది. నాగార్జునసాగర్ జలాశయంలో పుట్టి వేసుకుని పొద్దంతా వల లాగేవాళ్ళు నాకు గుర్తొచ్చారు. అంచు టోపీ, మంచి చలువ కళ్ళద్దాలు ముందు వాళ్ళకు అందాలి. వేరే పరిశోధనల్లో ఇంత స్పష్టమైన సంబంధం కనిపించలేదు, కాబట్టి దీన్ని రుజువు అనను. పొగతాగడానికీ మాక్యులా జబ్బుకూ ఉన్న సంబంధం మాత్రం ఇంతకంటే చాలా గట్టిది. బీడీ మానకుండా బ్లూ కట్ పెట్టుకునేవాళ్ళకు ఇది చెప్పి తీరాలి.

సూర్యుణ్ని నేరుగా చూడటంలో సందేహమే లేదు, అది దెబ్బే. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మన ప్రాంతం మీదుగా పోయింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వాళ్ళు సాగర్ దారి వైపున్న జపాల్-రంగాపూర్ వేధశాల నుంచి దాన్ని పరిశీలించారు. మా ఇంట్లో పెద్దలు ఆ రోజు తలుపులు బిగించుకుని కూర్చున్నారట. గ్రహణ కిరణాల్లో ప్రత్యేకమైన విషమేమీ లేదు. మామూలు రోజున ఎండ కొట్టి కన్ను తనంత తానే మూసుకుంటుంది. గ్రహణమప్పుడు వెలుతురు తగ్గి కన్ను తట్టుకోగలిగినట్టు అనిపిస్తుంది, కంటిపాప పెద్దదవుతుంది, మిగిలిన నెలవంక ముక్క అంతే తీవ్రతతో మాక్యులా మీద నిలుస్తుంది. కొన్ని గంటల తర్వాత చూపు నడిమధ్యలో మసక మచ్చ. హామ్ కోతుల్లో చూసిన రసాయన దెబ్బే చాలావరకు ఇది.

దీనికి తమ్ముడి వరసయ్యేది వెల్డింగ్. మా బైపాస్ వైపు గ్రిల్స్ షాపుల్లో పదహారు, పదిహేడేళ్ళ పిల్లలు చిన్న టాకా వేసేటప్పుడు షీల్డు పక్కన పెట్టి, ఒక కన్ను మూసి, తల తిప్పి పని కానిచ్చేస్తారు. ఒక పిల్లవాణ్ని అడిగితే, "ఒక్క సెకనే గద సార్" అన్నాడు. వెల్డింగ్ మెరుపు, అంటే ఆర్క్ నుంచి వచ్చే అతినీలలోహిత కాంతిని కంటి ముందున్న కార్నియా ఆపుతుంది, దాని ఫలితమే రాత్రి కళ్ళలో ఇసుక పోసినట్టు మంట, నీళ్ళు కారడం. పొద్దుటికో మర్నాటికో తగ్గుతుంది, అంతటితో పోయిందనుకుంటారు. ఆర్క్‌లోని నీలం మాత్రం కార్నియానూ లెన్సునూ దాటి నేరుగా రెటీనా మీద పడుతుంది. అక్కడ మంట ఉండదని చెప్పాను కదా. ఒక్క సెకను రోజుకు వంద సార్లు పడితే, ఆ లెక్క నొప్పి రూపంలో తెలియదు. మాక్యులాలో మచ్చ పడిన వెల్డర్ల ఉదంతాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. ఆర్క్ వెల్డింగ్‌కు సరిపడే నల్లద్దం అక్కడ ప్రాణావసరం. చలువ కళ్ళద్దాలు గానీ బ్లూ కట్ గానీ దానికి బదులు రావు.

రాత్రి ఫోనులోని నీలం ఇంకో దారిలో నిజంగానే పనిచేస్తుంది. రెటీనాలో దండాలు, శంకువులు కాక మూడో రకం కణాలున్నాయని 2002 నాటికి స్పష్టమైంది. కంటి నరంలోకి పోయే లక్షల గాంగ్లియన్ కణాల్లో కొద్ది శాతం మెలనాప్సిన్ అనే పదార్థంతో తామే వెలుతురును పసిగడతాయి, ముఖ్యంగా 480 నానోమీటర్ల దగ్గరి నీలాన్ని. వీటికి బొమ్మ అక్కర్లేదు. ఇప్పుడు పగలా రాత్రా అన్నది మెదడుకు చెప్పడమే పని. చూపు పూర్తిగా పోయిన కొందరిలో కూడా కంట్లో వెలుతురు వేస్తే రాత్రి నిద్రవేళను తెలిపే హార్మోను మెలటోనిన్ తగ్గడం 1995లోనే చూశారు. 2015లో వచ్చిన ఒక చిన్న ప్రయోగంలో పన్నెండు మంది పడుకునే ముందు వెలుగుతెర మీద చదివినప్పుడు, కాగితం పుస్తకం చదివినప్పటికంటే వాళ్ళ మెలటోనిన్ గడియారం గంటన్నర ఆలస్యమైంది. ఇక్కడ కణం చావడం లేదు, తప్పు సమయంలో సరైన కబురు పంపుతోంది. మా పిల్లకు నేను పెట్టిన నియమం ఇదొక్కటే: పదింటి తర్వాత ఫోను హాల్లో ఉండాలి. అద్దాలేవైనా సరే.

కళ్ళు లాగడం, ఎర్రబడటం వేరే సంగతి. తెర చూసేటప్పుడు రెప్ప వేయడం సగానికి పైగా తగ్గి కన్ను ఎండిపోతుంది. 2023లో వైద్య పరిశోధనలను బేరీజు వేసే కొక్రేన్ సంస్థ 17 ప్రయోగాలను కలిపి చూసి, బ్లూ కట్ అద్దాల వల్ల కంటి అలసట తగ్గుతుందనడానికి ఆధారం దొరకలేదని తేల్చింది.

కంటికి సొంత బ్లూ కట్ ఒకటి ఉంటుంది. మాక్యులాను పచ్చచుక్క అంటామే, ఆ పసుపు రంగు లూటీన్, జియాజాంథిన్ అనే రెండు పదార్థాలది. అవి సరిగ్గా నీలాన్నే పీల్చుకుంటాయి, రెచ్చిపోయిన ఆక్సిజన్‌నూ చల్లారుస్తాయి. శరీరం వీటిని తయారు చేసుకోలేదు, తిండిలోంచే రావాలి. తోటకూర, పాలకూర, గుడ్డు పచ్చసొన, మక్కకంకి. జియాజాంథిన్ పేరులో మొదటి ముక్క మక్కజొన్న శాస్త్రీయ నామంలోదే. మందుల షాపులో అమ్మే లూటీన్ మాత్రల్లో చాలా వాటికి మూలం బంతిపూలు, బతుకమ్మలో మనం పేర్చేవే. మామూలుగా తింటున్నవాళ్ళకు మాత్రలు అక్కర్లేదు.

వయసుతో లెన్సు కూడా పచ్చబడి నీలాన్ని తగ్గిస్తుంది. పిల్లల లెన్సు తేటగా ఉండి ఎక్కువ నీలాన్ని లోపలికి పంపుతుంది. ఆ తేడా ఎంతో మా అమ్మమ్మ శుక్లాల ఆపరేషన్ తర్వాత తెలిసింది. కట్టు విప్పిన మర్నాడు ఇంటికొచ్చి సున్నం వేసిన గోడ ముందు నిలబడి, "గోడకు నీలిమందు ఎక్కువ ఏసిన్రా?" అంది. గోడ ఎప్పటిదే. పచ్చబడ్డ లెన్సు పోయి, ఏళ్ళుగా ఆగిన నీలం ఒక్కసారిగా లోపలికి వచ్చింది. ఇప్పుడు పెట్టే లెన్సులు అతినీలలోహితాన్ని ఆపుతాయి, భయపడాల్సింది లేదు.

మా మేనకోడలి సైటుకు కూడా నీలం కాంతి కారణం కాదు. దగ్గరి పని ఎక్కువై, ఆరుబయటి వెలుతురు తక్కువైతే కనుగుడ్డు పొడవు పెరుగుతుంది. చైనాలోని గ్వాంగ్‌జౌలో బడి పిల్లల్ని రోజూ అదనంగా 40 నిమిషాలు బయటికి పంపితే, మూడేళ్ళలో కొత్తగా సైటు వచ్చినవాళ్ళు 30.4 శాతం, అలా పంపని బడుల్లో 39.5 శాతం. ఫోను కాంతికి భయపడి పిల్లల్ని గదిలో దాచితే, వాళ్ళకు అవసరమైన వెలుతురే దూరమవుతుంది.

మాక్యులా దెబ్బ తిన్నదో లేదో ఇంట్లోనే ఒక చూపు చూసుకోవచ్చు. అమ్మమ్మకు నేర్పాను, గ్రిల్స్ షాపు పిల్లవాడికీ నేర్పాను. ఒక కన్ను అరచేత్తో మూసి, రెండో కంటితో కిటికీ ఊచల మధ్య ఒక్క చోటే చూడాలి. తర్వాత రెండో కన్ను. ఊచలు వంకరగా అనిపించినా, మధ్యలో ఒక ముక్క మాయమైనట్టున్నా ఆలస్యం చేయకుండా రెటీనా చూసే డాక్టర్ దగ్గరికి పోవాలి. పిల్లవాడు షాపులో తను అతికించిన గ్రిల్‌నే ఎదురుగా నిలబెట్టి చూసుకున్నాడు. కుడి కన్ను మూశాడు, ఎడమ కన్ను మూశాడు. "సక్కగనే ఉన్నయ్ సార్" అన్నాడు. తర్వాత టాకా వేసేటప్పుడు షీల్డు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.